కింది గిన్నె

గుడివాడ దాటాక బందరు రైలు నిద్రలో నడుస్తున్నట్టు సాగింది. పొలాల నీళ్ళలో మబ్బులు మాతోపాటే వస్తున్నాయి. ఎదురు సీట్లో పెద్దాయన క్యారియర్ విప్పి, పై గిన్నెలోని రెండు చేప ముక్కలు నా ముందుకు జరిపారు.

"తేడా ఉందేమో కాస్త తిని చెప్తారా అండీ? ముదినేపల్లి దగ్గర మాకు రెండు పండుగప్ప చేపల చెరువులున్నాయి. సముద్రంలోని చిన్న చేపల్ని పిండి తీసిన నూనె మేతలో కలిపేవాణ్ణి. మనసొప్పక ఒక చెరువుకి తవుడు నూనె మొదలెట్టాను. రుచి పోకపోతే రెండోదీ మార్చేస్తాను. ఇంట్లోవాళ్ళు నా మొహం చూసి బాగుందంటారు. అందుకే రైల్లో అడుగుతున్నా."

కళ్ళు మూసుకుని తిన్నాను. మొదటి ముక్కలో ఉప్పుగాలి తగిలింది. రెండోదాంట్లో రైసుమిల్లు వాకిలి, ఎండలో తవుడు వాసన.

"ఇది చేపనూనెది, ఇది తవుడు నూనెది" అన్నాను ధీమాగా.

ఆయన మెల్లగా నవ్వారు. "రెండూ ఒకే చేపవండి. రెండు చెరువుల ముక్కలూ కింది గిన్నెలో ఉన్నాయి. వీటిలో తేడా లేదన్నవాళ్ళకే అవి పెడతాను."

నేను చిన్నబుచ్చుకుంటానని కాబోలు, మిగిలింది కూడా తినమన్నారు. పెడన దాకా ఇద్దరం మబ్బులు చూస్తూ కూర్చున్నాం.

ఏదైనా ఎలా ఉందని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను. ఆ రోజు చిలకలపూడిలో ఆయన క్యారియర్ పట్టుకుని దిగిపోయారు. కింది గిన్నె నా కోసం తెరవనే లేదు.