మంచు పట్టిన పదిహేడు మెట్లు

ధనుర్మాసం వస్తోందంటే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ముగ్గులు గుర్తొస్తాయి. నాకు మావారి తుంటి ఎముక గుర్తొస్తుంది.

మావారు ఊళ్ళో విష్ణాలయం అర్చకులు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మేం ఉంటున్నది ప్రత్తిపాడుకి కాస్త ఇవతల ఒక పల్లెలో, ఒక రైతు కట్టించిన మేడ మీద, పై వాటా. పైకి మెట్లు బయట నుంచే. పదిహేడు మెట్లు. మిర్చికి మంచి ధర పలికిన ఏడాది ఆ రైతు వాటికి చీమకుర్తి నల్లరాయి వేయించాడు, అదీ మొహం చూసుకునేంత నున్నగా పాలిషు పట్టించి మరీ. ఇంట్లో వేసుకునే రాయి ఆరుబయట వేశావేమిటయ్యా అని ఒక్కరూ అడగలేదు. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుని పోయారు. అద్దెకు దిగిన రోజు నేనూ మెచ్చుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి?

మా వైపు మంచు గడ్డకట్టదు. తెల్లవారుజామున పత్తి చేల మీదుగా పొగలా వచ్చి ఊరి మీద కూర్చుంటుంది. గోడలు చెమ్మగిల్లుతాయి, దండెం మీద బట్టలు మళ్ళీ తడుస్తాయి. మామూలు గచ్చయితే ఆ తడి పీల్చుకుంటుంది. నల్లరాయి చుక్క కూడా పీల్చదు. దాని మీద కాలు పెడితే నూనె ఒలికిన చోట పెట్టినట్టే ఉంటుంది.

ఆ మెట్ల మీదే కిందటేడు చలికాలంలో మావారు పడ్డారు. తుంటి విరిగింది. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి లోపల రాడ్డు వేయించాం. మూడు నెలలు మంచం మీద, రెండు నెలలు వాకర్ మీద. చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు ఆయనతో కాదు, నాతో చెప్పాడు. "అమ్మా, ఎముక గుల్లబారి ఉంది. ఇంకొక్కసారి పడితే మాత్రం ఈయన మళ్ళీ లేచి నడుస్తారని నేను చెప్పలేను." బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో మోగింది. మావారు మాత్రం కిటికీ పక్క సీట్లో హాయిగా నిద్రపోయారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ధనుర్మాసంలో ఆయన నాలుగున్నరకి స్నానం చేసి, తడి పంచె పిండి కట్టుకుని, పూలసజ్జ మోచేతికి తగిలించుకుని, అదే చేత్తో నీళ్ళ చెంబు పట్టుకుని గుడికి బయల్దేరతారు. గుళ్ళో అడుగు పెట్టేదాకా మడి. దేన్నీ ముట్టుకోరు, ఎవర్నీ తగలనివ్వరు. మెట్లకి పక్కనే స్టీలు రెయిలింగ్ ఉంది. కానీ అది ఇంటివాళ్ళ పిల్లలు, నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే పిల్లలు, పాలబ్బాయి, అందరూ ముట్టుకునే రెయిలింగ్. ఆయన పట్టుకోరు. తుంటిలో రాడ్డు వేసుకున్న మనిషి, కాళ్ళకి చెప్పులు లేకుండా, ఒంటి మీంచి నీళ్ళు కారుతుంటే, మంచు పట్టిన నల్లరాయి మెట్లు, పక్కనున్న ఆసరా పట్టుకోకుండా దిగుతారు. చూస్తూ ఊరుకోమంటారా నన్ను?

"పావుకోళ్ళు వేసుకుంటాలే" అన్నారొకసారి, నా పోరు పడలేక.

"ఇంకా నయం! నున్నటి రాయి మీద చెక్క పావుకోళ్ళా? నడుమూ తుంటీ రెండూ ఒకేసారి విరుగుతాయి."

"పోనీ, నువ్వే చెప్పు ఏం చెయ్యాలో."

"రెయిలింగ్ పట్టుకోండి. అంతే. దేవుడేమీ అనుకోడు."

"దేవుడి సంగతి నాకు తెలుసు, నీకు లెక్కలు తెలుసు. ఎవరి పని వాళ్ళం చేసుకుందాం."

ఇరవయ్యారేళ్ళ కాపురంలో మడి విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు. నేను ఏడింటి బస్సు పట్టుకోవాల్సిన దాన్ని, నాకా మడీ తడీ కుదరదని పెళ్ళైన కొత్తలోనే తెగేసి చెప్పాను. ఆయనా నన్ను బలవంతపెట్టలేదు. నా దారి నాది, ఆయన దారి ఆయనది. కానీ ఇప్పుడు ఆయన దారిలో పదిహేడు మెట్లున్నాయి.

గుళ్ళోనే స్నానం చెయ్యమన్నాను. అక్కడ ఆరుబయట చేతిపంపు తప్ప ఏమీ లేదు, ఆ చలిలో ఆ నడుముతో పంపు కొట్టుకుని స్నానం ఏమిటని నాకే తర్వాత అనిపించింది. ఇల్లు మారదామన్నాను. గుడికి ఇంత దగ్గరలో ఇంకో వాటా లేదు. గోనె సంచులు తెచ్చి మెట్టుకొకటి పరిచాను. రెండో రోజుకే అవి మంచుకి నాని, కాలు పెడితే సంచితో సహా జారాయి. ఇసుక చల్లాను. కింది వాటాలో ఉండే ఇంటాయన భార్య, అదే, ఆ రైతు భార్య, పొద్దున్నే చీపురు తీసుకుని ఊడ్చేసింది. ఆన్‌లైన్లో గరుకు టేపు తెప్పించాను, శాండ్‌పేపర్‌లా ఉంటుంది, మెట్టు అంచున అంటించాలి. స్కూలు నుంచి వచ్చాక సాయంత్రం చీకటి పడుతుంటే కూర్చుని పదిహేడు మెట్లకీ అంటించాను. అప్పటికే రాయి చెమ్మగిల్లి ఉందని నాకు తెలియలేదు. మూడోనాటికి అంచులు లేచి చుట్టుకున్నాయి, కాలికి తట్టుకోవడానికి ఇంకో కొత్త ప్రమాదం తయారైంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అంటించాల్సిందట. సెలవు పెట్టి మళ్ళీ అంటించాను. అప్పుడూ నిలవలేదు, ఎందుకంటే ముగ్గు.

ఇంటాయన భార్య మంచి మనిషి. ఆవిడ మంచితనమే నా ప్రాణం తీసింది. నెల పట్టిన దగ్గర్నుంచి ఆవిడ నాలుగింటికే లేచి, పదిహేడు మెట్లూ బిందెలతో కడిగి, ఆ తడి మీద మెట్టు మెట్టుకీ ముగ్గు వేసేది. నల్లరాయి మీద తెల్లముగ్గు ఎంత బాగా కనపడుతుందో నేనూ ఒప్పుకుంటాను. కానీ తడిలో నానిన ముగ్గుపిండి సబ్బు కన్నా అన్యాయంగా జారుతుంది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, వాకిట్లో ఎంత పెద్ద ముగ్గైనా వేసుకో. మెట్ల మీద మాత్రం వద్దు" అన్నాను.

ఆవిడ నొచ్చుకుంది. "అదేందండీ పంతులమ్మగారూ, అట్టా అంటారు? నేను వేసేదే అయ్యగారి కోసం. నెలంతా సామి కాడికి దిగిపోయే మెట్లు, బోసిగా ఉంటే మాకు పాపం చుట్టుకోదా?"

రాయికి గాట్లు పెట్టిస్తాను, ఖర్చు నేనే పెట్టుకుంటానని ఇంటాయన్ని బతిమాలాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "పాడైపోద్దండీ రాయి! అయినా మన అయ్యగారికి ఏం కాదులెండి. ఆయన నిష్ఠ చూసి ఊరే దణ్ణం పెట్టుద్ది. కాలు ఇరిగి లేచినోడు కూడా ఆ రెయిలింగు ముట్టుకోడంటే మాటలా? అద్దంకి నుంచి మా బావొస్తే ఆయనక్కూడా చూపించా." మావారు ప్రాణం అరచేతిలో పెట్టుకుని దిగుతుంటే ఈయన చుట్టాలకి చూపిస్తున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. అద్దెకున్నవాళ్ళం, నోరు మూసుకుని పైకొచ్చాను.

చివరికి నా పాత పట్టుచీర ఒకటి చింపి రెయిలింగ్‌కి పై నుంచి కింద దాకా చుట్టాను. "పట్టుకి మైల లేదని మీరే అంటారుగా, ఇక పట్టుకోండి" అన్నాను. ఆయన వంగి చూశారు. ఒక్క క్షణం ఒప్పుకుంటారేమో అనుకున్నాను. "కాకి రెట్ట వేసింది" అని చూపించి, నవ్వేసి, రెయిలింగ్ ముట్టుకోకుండానే దిగిపోయారు. ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. పట్టుచీర కోసం అనుకున్నారు తోటి టీచర్లు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ పట్టుగుడ్డ విప్పి పారేశాను.

ఇక నాకు మిగిలింది ఆయన వెనకాలే దిగడం. అప్పటికి నా స్నానం అయి ఉండదు కాబట్టి రెండు మెట్లు ఎడంగా, ఫోను లైటు ఆయన పాదాల మీద వేసి, మెట్టూ మెట్టూ లెక్కపెట్టుకుంటూ. పదిహేడు అనుకునేదాకా ఊపిరి తీసుకునేదాన్ని కాదు.

ఒకనాడు మంచు మరీ దట్టంగా పట్టింది, వీధి దీపం కూడా కనపడడం లేదు. తొమ్మిదో మెట్టు మీద ఆయన కాలు జారింది. చెంబు ఖణేల్మని కింద దాకా దొర్లింది. నేనేం చేశానో నాకు తెలియదు. ముందుకి ఉరికి ఆయన జబ్బ రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగాను. ఆయన మెట్టు మీద కూలబడ్డారు. నేను ఆగలేకపోయాను. ఆయన పక్కనుంచి జారి నాలుగైదు మెట్లు దొర్లి, కుడిచెయ్యి నా ఒంటి కింద నలిగి ఆగాను. ఎముక విరిగిన చప్పుడు నాకే వినపడింది.

"మీకేమైంది?" అని అరిచాను.

"నాకేం కాలేదు. నువ్వు..." అని కిందికి వంగి చెయ్యి చాపబోయి, మధ్యలో ఆగి, తన జబ్బ వైపు చూసుకున్నారు. "ముట్టుకున్నావే" అన్నారు.

ఇంటాయన, ఆయన భార్య పరిగెత్తుకొచ్చారు. ఆవిడ నన్ను ఒళ్ళో ఆనించుకుంది. ఆయన కారు తీయడానికి వెళ్ళాడు. మావారు "గుంటూరు తీసుకెళ్ళండి, ఆరాధన కాగానే నేనూ వస్తాను" అని చెప్పి పైకి వెళ్ళిపోయారు. బాత్‌రూమ్‌లో మళ్ళీ నీళ్ళ చప్పుడు నాకు కింద దాకా వినపడింది. కారు గేటు దాటేలోపే మళ్ళీ తడి పంచెతో దిగారు, రెయిలింగ్‌కి జానెడు దూరంలో, ఖాళీ చెయ్యి గాల్లో. నా పక్కనుంచే వెళ్ళారు. విరిగిన చెయ్యి కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది. ఇంత బతుకూ బతికి నేను కాపాడింది ఇలాంటి మనిషినా అనుకున్నాను. మధ్యాహ్నానికి ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన కూర్చున్నారు, నా మొహం వైపు చూడలేదు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మోచెయ్యి దాకా కట్టు వేశారు. ఇంటాయన భార్య బిక్కచచ్చిపోయి మెట్లు కడగడం, ముగ్గు వెయ్యడం మానేసింది. కానీ మంచు మానదు కదా. డాక్టరు నన్ను మెట్లు దిగొద్దన్నాడు. తెల్లవారుజామున దుప్పట్లో పడుకుని వింటూ ఉండేదాన్ని. తలుపు చప్పుడు, తర్వాత ఏమీ వినపడదు. ఉత్త కాళ్ళు చప్పుడు చెయ్యవు. కింద గేటు గడియ పడే దాకా పదిహేడూ నాలో నేనే లెక్కపెట్టుకునేదాన్ని. మాటలు మాత్రం లేవు. ఆయనే అన్నం వడ్డించి నాకు కలిపి పెట్టేవారు, నేను తినేదాన్ని, అంతే.

వారం గడిచాక ఒక రోజు, గేటు గడియ పడ్డాక, ఎందుకో లేచి బయటకొచ్చాను. ఇంకా తెల్లవారలేదు, వీధి దీపం వెలుగు మెట్ల మీద పడుతోంది. మెట్లన్నీ తడి. స్టీలు రెయిలింగ్ పొడుగునా మంచు సన్నగా తెల్లగా పట్టి ఉంది. ఆ తెలుపు మధ్యలో, పై మెట్టు దగ్గర మొదలై, ఎక్కడా తెగకుండా కింది మెట్టు దాకా, అరచెయ్యి వెడల్పున తుడుచుకుపోయిన గీత. కింద చివర నాలుగు వేళ్ళ గుర్తులు విడివిడిగా కనపడ్డాయి, ఎంత గట్టిగా పట్టుకున్నారో.

గెలిచానని సంతోషం రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మడి తప్పని మనిషి. వెనక పట్టుకునేవాళ్ళు లేరని భయపడ్డారో, ఆ రోజు నాకు చెయ్యి అందించలేకపోయినందుకో, నాకు తెలియదు. గుడికెళ్ళి మళ్ళీ ఆ చలిలో పంపు కింద నిలబడుతున్నారో, అలాగే లోపలికి వెళ్తున్నారో, అదీ తెలియదు. ఆయన చెప్పలేదు, నేను అడగను. అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

కింద ఇంటాయన దగ్గు వినపడింది. తెల్లవారగానే డాబా మీద టార్పాలిన్ కింద పత్తి ఎలా ఉందో చూసుకోవడానికి పైకొస్తాడు, అయ్యగారి నిష్ఠ గురించి చుట్టాలందరికీ చెప్పుకునే మనిషి. పమిటకొంగు తీసుకుని, ఎడమచేత్తో, గోడకి ఆనుకుంటూ ఒక్కో మెట్టూ దిగుతూ, రెయిలింగ్ మొత్తం తుడిచేశాను. ఆ నెల అయిపోయేదాకా రోజూ తుడిచాను.