బఖీత పాలు పితికిన ఉదయం

శుక్రవారం ఉదయం ఎనిమిదీ పది నిమిషాలకు ఒమన్ దక్షిణాన ధోఫార్ కొండల్లో సాలిం అనే డెబ్బై నాలుగేళ్ల రైతు తన చెల్లెలు బఖీత పితికిన పాలు తాగాడు. యాభై ఏళ్లకు పైగా ఆ పాలు ముట్టని మనిషి.

నన్ను అక్కడికి రప్పించింది నా యాత్రా కథనాలు చదివే మల్లేశం. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చి, ధోఫార్ ముఖ్య పట్టణం సలాలా పక్కనున్న రైసూత్‌లోని ఒక దాణా కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా డ్రైవర్‌గా ఉన్నాడు. నేను మస్కట్‌లో, హమ్రియాలోని మిత్రుడి రూమ్‌లో ఉండగా ఫోన్ చేశాడు. "సార్, నేను దాణా ఏసే కాడ అన్నాచెల్లెండ్లు ఉన్నరు. లడాయిల చెరో దిక్కు కొట్లాడిండ్రు. ఇప్పుడు పక్కపక్క ఇండ్లల్లనే ఉంటున్నరు. వస్తరా?"

గురువారం ఉదయం ఆరింటికి మస్కట్‌లోని అజైబాలో బస్సెక్కితే సలాలా చేరేసరికి రాత్రి ఏడు దాటింది. టికెట్ ఎనిమిది రియాళ్ల లోపే. మర్నాడు ఐదున్నరకు మల్లేశం పికప్‌లో బయలుదేరాం. దారిలో తాఖా ఊళ్లో పరోటా, చాయ్ ఇద్దరికీ కలిపి ఒక రియాల్ కూడా కాలేదు. అక్కడి నుంచి తావీ అతైర్ వైపు రోడ్డు కొండెక్కుతుంది. సెప్టెంబరు ఆఖరు కావడంతో వానలు ఆగాయి, గడ్డి మోకాలెత్తున ఉంది. ఒంటెలు రోడ్డు దాటేదాకా రెండుసార్లు ఆగాం.

ఈ కొండల్లో యుద్ధం 1960ల మధ్యలో సుల్తాన్ మీద తిరుగుబాటుగా మొదలైంది. యెమెన్ అప్పుడు రెండు దేశాలు. దక్షిణ యెమెన్ అండతో ఇది కమ్యూనిస్టు పోరాటంగా మారింది. చైనా, సోవియట్ యూనియన్ ఆయుధాలిచ్చాయి. కమ్యూనిజం గల్ఫ్ చమురు దాకా రాకూడదని బ్రిటన్ సుల్తాన్‌కు సైనికాధికారులను పంపింది, ఇరాన్ షా సైన్యాన్ని పంపాడు. బఖీత పదిహేనేళ్లకే తిరుగుబాటుదారుల్లో చేరింది. సాలిం కొన్నాళ్లు వాళ్లతో ఉండి, లొంగిపోయిన వాళ్లకు క్షమాభిక్ష ప్రకటించాక ప్రభుత్వ దళంలోకి మారాడు. 1975 చివర్లో యుద్ధం ముగిసింది. బఖీత ఇంటికి తిరిగొచ్చింది.

తిరిగొచ్చాక కొత్త తగువు మొదలైంది. వీళ్ల పాత ఆచారంలో ఆవు పొదుగును ఆడవాళ్లు ముట్టకూడదు, పాలు తీయడం మగవాళ్ల పని. ఆడా మగా అన్ని పనులూ చేయాలన్నది తిరుగుబాటు దళం నియమం. బఖీత అక్కడ పాలు పితకడం నేర్చుకుంది, మానలేదు. అప్పటి నుంచి చెల్లెలింటికి వెళ్తే సాలిం తాగేది పాలు లేని చాయే.

మేం చేరేసరికి ఏడైంది. సాలిం కుడి మణికట్టుకు కట్టు ఉంది, వానల్లో బురదలో జారాడట. అప్పటి నుంచి పాలు తీస్తున్న కొడుకు ముందు రోజు మధ్యాహ్నమే పని మీద మస్కట్ వెళ్లాడు, వచ్చే వారం గానీ రాడు; ఇంట్లో మరో మగమనిషి లేడు. నిన్న ఉదయం తర్వాత ఆవును ఎవరూ పితకలేదు. పొదుగు రాయిలా బిగిసింది, ఆవు అరుస్తోంది. సాయంత్రం దాకా ఆగితే పొదుగు వాపు తప్పదు. కంచె అవతల బఖీత చేతులు కట్టుకుని చూస్తోంది. సాలిం ఆమె వైపు చూడటం లేదు.

"నేను పిండుత సార్. మా ఇంట్ల నాలుగు బర్లుండె," అన్నాడు మల్లేశం.

కూర్చున్నాడో లేదో ఆవు తన్నింది. బకెట్టు ఒకవైపు, మల్లేశం ఒకవైపు. బఖీత ఏదో అరిచింది.

"ఏమంటోంది?"

"నన్నే తిడుతుంది సార్. చెప్పాల్నా?" లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "మీ దేశంల ఆవుకు మొక్కుతరు గదా, ముందుగాల పిండుడు నేర్చుకొని మొక్కుర్రి అంటుంది."

సాలిం నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవు మళ్లీ అరిచింది. ఆయన నవ్వు ఆగిపోయింది. కాసేపు పొదుగునే చూసి, తలెత్తకుండా చెల్లెలితో రెండు ముక్కలన్నాడు. మల్లేశం నా చెవిలో చెప్పాడు: "రా అంటుండు సార్. ఆవు సస్తే ఆచారాన్ని ఏం జేసుకుంట అంటుండు."

బఖీత కంచె గడియ తీసి ఇవతలికి వచ్చింది. ఆవు మెడ నిమురుతూ సన్నగా పాట అందుకుంది. రెండు నిమిషాల్లో ఆవు చేపింది. బకెట్టు సగం నిండాక ఒక గిన్నెలో పోసి అన్నకు అందించింది. ఆయన గిన్నెలోకి చూశాడు, తాగాడు, మూతి తుడుచుకున్నాడు.

"నీళ్లు కలిపినవా?"

"యాభై ఏండ్ల కింద తాగుంటే చిక్కగుండేటివి," అంది బఖీత. ఇది చెబుతూ మల్లేశం నవ్వలేక కూలబడ్డాడు. మిగిలిన పాలతో చాయ్ పెట్టారు. అందరం రెండేసి కప్పులు తాగాం.

యుద్ధం గురించి పదకొండు ప్రశ్నలు రాసుకెళ్లాను, అడిగింది రెండే. పెద్ద దేశాలు ఎందుకు వచ్చాయో, ఎందుకు వెళ్లాయో పుస్తకాల్లో దొరుకుతుంది. ఈ కొండ మీద ఒక ఆడమనిషి ఏం నేర్చుకుని తిరిగొచ్చిందో చూడాలంటే ఇంత దూరం రావాలి. వచ్చినందుకు సంతోషంగా ఉంది.

వెళ్లేవాళ్లకు ఒక మాట: సలాలాలో అద్దె కారు రోజుకు పన్నెండు నుంచి పదిహేను రియాళ్లు, కానీ అరబ్బీ వచ్చిన మనవాళ్లను తోడు తీసుకెళ్లండి. శుక్రవారం వాళ్లకు డ్యూటీ ఉండదు.

సాలిం కట్టు వచ్చే బుధవారం పదింటికి సలాలా ఆసుపత్రిలో విప్పుతారు. అప్పటిదాకా రెండు పూటలా బఖీతే. ఆ తర్వాత పొద్దుటి పాలు అన్న, సాయంత్రం పాలు చెల్లెలు తీయాలని మా ముందే ఒప్పుకున్నారు. ఇవాళ సాయంత్రం ఐదున్నరకు ఆమె మళ్లీ వస్తుంది.