ఆ ఒక్క ఫైలు వరకే

జపాన్‌లోని మత్సుఎ ఊళ్ళో మా ఆఫీసులో కడోవాకిగారు ఇరవై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నారు. ఒకసారి బౌద్ధాలయం వాళ్ళ నివేదిక కోసం, ఏడాది ఏప్రిల్‌తో మొదలయ్యేలా తేదీల లెక్కంతటికీ మూలమైన కోడు భాగాన్ని, అంటే క్లాసును, మార్చారు. మార్పు ఆ ఒక్క ఫైలులో ఆగలేదు, ప్రోగ్రామంతా పాకింది. ఫిబ్రవరిలో పోయినవాళ్ళు అంతకుముందు ఏడాదే పోయినట్టు లెక్కకొచ్చారు. పూజ ఏ ఏడాది జరపాలో ఆలయం పంపే కబురు ఆ ఆలయ భక్తురాలు సుగితాని ముసలమ్మకు అందక, భర్త సంస్మరణ పూజ ఆ ఏడాది తప్పిపోయింది.

మార్పును ఒక్క ఫైలుకే కట్టేసే పద్ధతి తర్వాత మేం వాడే ప్రోగ్రామింగ్ భాషలోకి వచ్చింది. కానీ దానికి బోలెడు వరుసల కోడు రాయాలి, అందుకే ఎవరూ వాడరు. దాన్ని ఒక్క వరుసకు కుదించమని ఆ భాషను తయారుచేసేవాళ్ళని ఆయన పదకొండేళ్ళుగా అడుగుతున్నారు. "ఉన్నది పనిచేస్తోందిగా" అంటూ వాళ్ళు ప్రతిసారీ తోసేస్తున్నారు. పనిచేయడం వేరు, వాడబుద్ధి కావడం వేరు. ఈ చిన్న ముక్క ఆ మేధావుల బుర్రకెక్కదు.

ఈ ఫిబ్రవరిలోనూ ఆయన అగరుబత్తులు పట్టుకుని ముసలమ్మ ఇంటికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను.

"ఈసారీ ఒప్పుకోలేదమ్మా" అన్నారు తల వంచి.

ఆమె టీ పోసింది.

"పోనీలే బాబూ. మా వాళ్ళు రావడం మానేసి నాలుగేళ్ళయింది. ఆయన పోయిన రోజు గుర్తుపెట్టుకుని వచ్చేది నువ్వొక్కడివే."