ఉత్తర్వు నాదే అన్న మనిషి

మా పెదనాన్న మొన్న పోయాడు. మర్నాడు పేపర్లో ఫోటో వేసి, చిన్న బడులను కలిపి చదువును బాగుచేసిన సమర్థుడైన ఉన్నతాధికారి అని రాశారు. చదివి సిగ్గుతో తల దించుకున్నాను. ఆయనే ఒప్పుకోని మాట అది. అందుకే మీకు ఇది చెప్పాలనిపించింది.

బెంగళూరులో విద్యాశాఖలో పెద్ద ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మా ఊరు తెక్కలకోటకు వచ్చేశాడు. పొద్దున్నే అరుగు మీద బొరుగుల మండక్కి తింటూ దారిన పోయేవాళ్లందరినీ పలకరించేవాడు. ఎవరైనా 'సార్' అంటే మాత్రం ముఖం ముడుచుకునేవాడు. ఆయన పేరు చెప్పి ఆఫీసుల్లో పనులు చేయించుకున్నది మేమే.

పిల్లలు తక్కువున్న బడులు మూసి పక్క ఊరి బడిలో కలపమన్న ఉత్తర్వు ఆయనదే. మా సరిహద్దు ఊళ్లలో అలా మూతపడినవి ఎక్కువగా తెలుగు బడులే. ఏటి వైపున్న ఒక చిన్న ఊళ్లో ఆడపిల్లలు చదువు మాని కూలికి పోయారు. ఎందుకు మానేశారో చెప్పమని, అక్కడ పాఠాలు చెప్పిన అయ్యవారికి నోటీసు వచ్చింది. పెదనాన్నకు ప్రమోషన్ వచ్చింది.

రిటైరయ్యాక ఆ అయ్యవారే బస్టాండులో ఎదురై చెబితే గానీ ఆయనకు ఈ సంగతి తెలియలేదు. వెంటనే బెంగళూరులోని తన పాత ఆఫీసుకు పోయి, తనను విచారించమని అడిగాడు. విధానాలకు అధికారులను బాధ్యులను చేసే పద్ధతి లేదని, టీ ఇచ్చి పంపేశారు.

"ఊరికే ఉండు పెదనాయనా, పరువు పోతాది" అన్నాను.

"ఉత్తర్వు నాదైతే జవాబు ఆ అయ్యవారు చెప్పాల్నా?" అన్నాడు.

చివరికి నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికే పోయాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "మీ బడి మూయించింది నేను. మీ అయ్యవారు కాదు. అడగండప్పా" అన్నాడు.

"పెద్దోళ్లు, మిమ్మల్ని ఏమడుగుతాం సార్" అని కాఫీ తెప్పించారు. ఆ మర్యాదకు ఆయనకు తల కొట్టేసినట్టయింది.

పొలం నుంచి వస్తున్న ఒకామె మాత్రం ఆగింది.

"నా కూతురు బాగా చదువుతాండె. కొత్త బడికి పోవాలంటే వంక దాటాల. వానొస్తే నిండా నీళ్లు. ఒక్క దినం వచ్చి చూసింటే తెలిసేది కదప్పా. ఏంటికి రాలేదు?"

పెదనాన్న ఆమె వైపు తిరిగాడు. "రావాలనే తోచలేదమ్మా. మ్యాపు చూసి రాసేసినా. తప్పు నాదే."

పోనీలెండి అంటుందేమోనని నేను ఎదురుచూశాను. ఆమె అనలేదు.

"ఆ పిల్ల ఇప్పుడు యాడుండాది?" అని అడిగాడు.

"ఆ చేన్లో. మిరపకాయలు కోస్తాంది."

నేను కారు దగ్గరే నిలబడిపోయాను. ఆయన చెప్పులు విడిచి, గట్టు మీద తడబడుతూ ఒక్కడే నడిచి పోయాడు. పిల్ల ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఈ పెద్దాయన ఎవరో, ఎందుకొచ్చాడో ఆ పిల్లకు తెలియదు. చేతిలోని కాయలు గబగబా ఒళ్లో వేసుకుని, తనూ ఆయనకు దండం పెట్టింది.