గాడిదకు నీళ్లు లేవంట

మా చిన్నమ్మ పోయింది. మన్నెగూడలో ప్లాట్లు చూడటానికి వచ్చిన దంపతులను కారెక్కిస్తున్నాను, అమ్మ ఫోను చేసింది. "చిన్నమ్మ లేస్తలేదే" అన్నది. ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి చేరేసరికి వాకిట్లో చెప్పులు కుప్పపడి ఉన్నాయి. లోపల చిన్నమ్మ ఎప్పటిలాగే కుడివైపు తిరిగి, ఎడమచేతిని విడిగా దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది. డయాలిసిస్ సూదులు గుచ్చే చెయ్యి అది. దాని మీద బరువు పడకుండా నిద్రలో కూడా కాపాడుకునేది. మొహం చూసినప్పుడు ఏడవలేదు, ఆ చేతిని చూసి ఏడ్చాను.

ఇది చదివేవాళ్లలో ఆమె దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లు కొందరైనా ఉంటారు. మా ఊరి ప్రైవేటు బడిలో ఆమె కంప్యూటర్ టీచరమ్మ. హైదరాబాదులో అద్దాల మేడలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజుల్లో, కీబోర్డు మీద వేళ్లు ఆడితే చాలు బతుకులు మారిపోతాయని ఊరంతా నమ్మింది. కొందరివి మారాయి కూడా. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు గచ్చిబౌలి కంపెనీల దాకా పోయారు. ఆమె మాత్రం అదే గదిలో, అదే ఫ్యాను కింద, కొత్త పిల్లలకు మౌస్ ఎట్లా పట్టుకోవాలో చెప్తూ ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "నాకు వీలైతలేదు" అని బస్సు దొరకని మనిషిలా జవాబు చెప్పేది.

బడివాళ్లు మూతపడ్డ ఒక ఇన్‌స్టిట్యూట్ నుంచి పాత కంప్యూటర్లు కొనుక్కొచ్చారు. వాటిలో ఒకదాంట్లో ఒక ఆట మిగిలిపోయింది. మా ఇంట్లో దాని పేరు గాడిద ఆట. కొండల్లో ఒక పిల్ల, పిల్ల వెంట ఒక గాడిద, గాడిద మీద మందుల మూటలు. ఊరూరికీ మందులు చేరవేస్తూ, తప్పిపోయిన అక్కను వెతుక్కుంటూ పోవాలి. బొమ్మలు నీటిరంగులతో వేసినట్టు మెత్తగా ఉండేవి. దారిలో దొంగలొస్తారు, వాగులొస్తాయి. కానీ ఎవరికీ తొందర లేదు. మనం ఏం చేయాలో ఆలోచించుకుని చెప్పేదాకా దొంగ కత్తి ఎత్తుకుని అట్లాగే నిలబడతాడు. మనం పోయి చాయ పెట్టుకుని తాగి వచ్చినా నిలబడే ఉంటాడు.

"చూడే, ఈ దొంగకున్న ఓపిక మీ ప్రిన్సిపాల్‌కు లేదు" అనేది, అదే బడిలో చదువుకుంటున్న నాతో.

ఆ ఆటకు కొత్త భాగాలు కొన్నేళ్లకొకటి వచ్చేవి. మిగతా ఆడవాళ్లు పట్టుచీర తీసుకున్నంత సంబరంగా ఒక్కొక్కటీ కొనుక్కునేది. ఐదో భాగం చివర పిల్ల ఒక కోట తలుపు ముందు నిలబడింది. లోపలి నుంచి ఎవరో గడియ తీస్తున్న చప్పుడు. అక్కడికి ఆట అయిపోయింది! అక్కనా, ఇంకెవరన్నానా? చిన్నమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ భయపడి "ఎవరన్న పోయినారా?" అని నన్ను చాటుగా అడిగింది.

ఆ తలుపు తెరుచుకునేలోపే ఆమె కిడ్నీలు పోయాయి.

వారానికి మూడుసార్లు సాగర్ రోడ్డు మీది డయాలిసిస్ సెంటరుకు. నాలుగు గంటలు వాలుకుర్చీలో, ఎడమచెయ్యి మిషన్‌కు అప్పజెప్పి. ఇంటికొచ్చాక పడుకోవడం. లేచి ఒక రోజు మనిషిలా తిరగడం. మళ్లీ కుర్చీ. కట్టేసిన మేకను తాడు ఎంత దూరం పోనిస్తుందో అంతే దూరం పోయేది. బడి మానేసింది. పెళ్లికి పిలిస్తే ముందు తేదీ చూసేది, ఊరు ఎంత దూరమో చూసేది, తర్వాత "మీ అమ్మ వస్తది" అనేది. కిడ్నీ కోసం పేరు రాయించాం, వరుస కదల్లేదు. సూదులు గుచ్చడానికి వీలుగా ఆ చేతికి ఆపరేషన్ చేసినప్పటి నుంచి ఎడమ వేళ్లు చల్లబడి, సత్తువ తగ్గి, జాకెట్ హుక్కు కూడా పెట్టుకోలేకపోయేది. అన్నిటికంటే నరకం నీళ్లు. ఒంట్లో నీరు చేరకుండా రోజు మొత్తానికి ఒక చిన్న చెంబుడు, అంతే. మందులకు, చాయకు, దాహానికి అన్నిటికీ అదే. ఎండాకాలంలో ఐసుముక్క బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చునేది. మేము ఆమె ముందు నీళ్లు తాగడం మానేశాం. అది చూసి తిట్టింది. "నా ముంగట తాగుర్రి, నేను చూసన్న తాగుత."

సెంటరులో ఆ నాలుగు గంటలు గడవడానికి నేను నా కమిషన్ డబ్బులతో టాబ్లెట్ కొనిచ్చాను. పాత భాగాలన్నీ అందులోకి వచ్చాయి. ఒక్క చేత్తో, ఒక్క వేలితో, మళ్లీ మొదటి నుంచి. గాజుతలుపు బయట నుంచి చూస్తే ఒకటే కనబడేది. దారిలో ప్రతి కుంట దగ్గరా ఆపేది. ఆపితే గాడిద వంగి నీళ్లు తాగుతుంది. తాగకపోయినా ఆటకేం నష్టం లేదు. అయినా ఆపేది. అది తాగినంతసేపూ ఈమె చూసేది.

ఆరో భాగం వస్తుందన్న కబురు ఎవరో పాత విద్యార్థి పంపాడు. చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది. వారం తిరగకుండానే ఆరిపోయింది. ఆట తీరంతా మార్చేశారట. మెత్తని బొమ్మలు లేవు, అంతా తళతళ. ఆగే దొంగలు లేరు. మన చేతులు ఎంత చురుగ్గా ఉంటే అంత. దేశదేశాల అభిమానులు ఇంటర్నెట్‌లో దుమ్మెత్తి పోస్తున్నారు. గాడిద గుర్రంలా తయారైందని ఒకడు, సంగీతం పాడు చేశారని ఇంకొకడు, మా చిన్నతనాన్ని అమ్ముకున్నారని మరొకడు. చిన్నమ్మ ఆటోలో నా పక్కన కూర్చుని అవన్నీ చదివేది.

"అరే, రంగులు ఎట్లుంటే ఏంది. ఆగుతదా లేదా, గది చెప్తలేరేందే ఒక్కలన్న?"

"ఆగదంట చిన్నమ్మా. రెండు చేతులు కావాలంట. ఒకటి నడవడానికి, ఒకటి దుంకడానికి."

"గాడిద నీళ్లు తాగుతదా?"

నేను వెతికి చూశాను. కుంటలు ఉన్నాయి గానీ ఉత్త బొమ్మలేనట. గాడిద ఆగదు.

"గాడిదకు నీళ్లు లేవంట!" అని ఆటో డ్రైవరుకు వినబడేటట్టు అన్నది. నవ్వుతుందేమో అనుకున్నాను. కళ్లనిండా నీళ్లున్నాయి. "గాడిదక్కూడ బంద్ చేసిన్రు సూడే."

ఆమె ఇంగ్లీషు మంచిదే. ఒంటి వేలితో టైపు చేసి ఆ అభిమానుల గుంపులో రెండే ప్రశ్నలు అడిగింది. ఒక్క చేత్తో ఆడే వీలు ఉంటుందా? గాడిదకు నీళ్లు ఎందుకు తీసేశారు? రెండోదానికి నవ్వే బొమ్మలు చాలా వచ్చాయి. మొదటిదానికి ఒకే ఒక్కడు జవాబిచ్చాడు, ఈ ఆట అందరి కోసం కాదు అని. నాకు ఒళ్లు మండింది. వాణ్ణి తెలుగులో తిట్టి పెడతానంటే టాబ్లెట్ లాక్కుంది. "పిలగాడు. ఆనికేం తెలుసు, ఆని రెండు చేతులు మంచిగున్నయి" అన్నది. నేనింకా వాణ్ణి క్షమించలేదు.

ఆట వచ్చింది. కొన్నది. ఆ కోట తలుపు దాకా మళ్లీ కొండ కింది నుంచే నడిచి రావాలట. మొదటి వాగు దగ్గరే పడింది. ఉరుకుతూ దుంకాలి. ఉరికిస్తే దుంకదు, దుంకిస్తే ఉరకదు, వేలు ఒక్కటే కదా. నీళ్లలో పడ్డ పిల్ల మళ్లీ ఇవతలి ఒడ్డున నిలబడేది. ఆ రోజు నాలుగు గంటలూ అదే. ఎడమవేళ్లు ఏమన్నా పనికొస్తాయేమోనని ఇంట్లోనూ కూర్చుంది. అవి తెర మీద జారిపోయాయి.

నా మనసు ఆగలేదు. "ఎవరో మొత్తం ఆడి వీడియో పెట్టిన్రు. ఆ తలుపు ఎనక ఎవరున్నరో చూపిస్త రా" అన్నాను.

"ఇంకొకలు నడిస్తే నేను పోయినట్టా?" అన్నది. తర్వాత గోడవైపు తిరిగి, "నాకు అది ఒక్కటన్న నా కాళ్ల మీద పోవాల్నని ఉన్నదే" అన్నది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఏదైనా అడిగినట్టు అనిపించిన మాట అదొక్కటే. నేనేం చేయగలను? ఇంట్లో నేనుండేది రాత్రిళ్లే, సెంటరు లోపలికి మమ్మల్ని రానివ్వరు. నా రెండు చేతులూ బయట కుర్చీలో ఫోను పట్టుకుని, కోహెడకు పండ్ల మార్కెట్ వస్తుంది సార్, ఇప్పుడు కొంటేనే చవక అని చెప్తూ ఉండేవి.

దారి చూపింది పక్క కుర్చీ. అందులో ఉండేది కందుకూరు మనిషి, లారీ నడిపేవాడు. చిన్నమ్మకు తమ్ముడి వరసయ్యాడు కాబట్టి నాకు మామ. అతనికి ఎడమచేతి నరం చెడిపోయి కుడిచేతికి సూదులు పెట్టేవారు. చిన్నమ్మ వాగులో పడటం కొన్నాళ్లు ఓపిగ్గా చూసి, ఇంక ఆగలేక అడిగాడట.

"అక్కా, నీ కుడిచెయ్యి ఖాళీగున్నది. నా ఎడమచెయ్యి ఖాళీగున్నది. ఇద్దరం గల్స్తే ఒక డ్రైవరు గామా?"

ఇద్దరి కుర్చీల మధ్య స్టూలు వేయించుకున్నారు, దాని మీద టాబ్లెట్. తెర ఎడమపక్క చిన్నమ్మ వేలు, నడిపించడానికి. కుడిపక్క మామ బొటనవేలు, దుంకించడానికి. గాజుతలుపు ఇవతల నాకు మాటలు వినబడేవి కావు గానీ, సిస్టర్ తలుపు తీసినప్పుడల్లా ఒక ముక్క బయటికి వచ్చేది. "జర ఆగు తమ్మీ, నీకేమన్న లోడు దింపేదున్నదా?" అని ఒకసారి. "అక్కా, ఇట్ల నడిపితే మనం సచ్చినంక చేరుతం!" అని ఒకసారి. ఆ రెండోదానికి ఇద్దరూ పగలబడి నవ్వుతుంటే సిస్టర్ పరుగున పోయి సూదులు చూసింది.

కుంటల దగ్గర మాత్రం అతను తన లారీ తొందరను పక్కన పెట్టేవాడు. గాడిద తాగదని తెలుసు. అయినా చిన్నమ్మ ఆపేది. "రేడియేటర్ల నీళ్లు పోయకుంటే బండెట్ల పోతదక్కా" అని అతనే న్యాయం చెప్పాడట. ఇద్దరూ దాహంతో నోరెండి, ఒక బొమ్మ కుంటను చూస్తూ కాసేపు కూర్చునేవాళ్లు. ఆటోలో ఎక్కగానే నాకు చెప్పేది, ఇయ్యాల ఎంత దూరం పోయినమో, ఏ ఊరికి మందులు ఇచ్చినమో. ఎక్కడికో నిజంగా పోయి వచ్చిన మనిషిలా అలసిపోయి చెప్పేది. మిషన్ సంగతి, బీపీ పడిపోయిన సంగతి మాట వరసకు చివర్లో చెప్పేది.

పోయిన నెల ఒక రోజు ఆటో ఎక్కుతూనే నా మోచెయ్యి పట్టుకుంది. "కోట కనవడ్డదే! ఇంకొక్క వాగు దాటాలె." ఆ వాగు వెడల్పు. పడ్డారు, మళ్లీ పడ్డారు, టైము అయిపోయింది. మిషన్ మళ్లీ ఎల్లుండి. ఆ మధ్యలో ఉన్న ఖాళీ రోజు పొద్దున చిన్నమ్మ లేవలేదు.

నాకు ఎవరి మీద కోపమో తెలియదు. ఆ ఆట చేసినవాళ్ల మీదనా? వాళ్లకు మా చిన్నమ్మ సంగతి ఎట్లా తెలుస్తుంది. అయినా కోపం వస్తుంది. ఆ దొంగ అట్లాగే కత్తి ఎత్తుకుని నిలబడి ఉంటే ఏం పోయేది వాళ్లకు?

దినాలు అయిపోయాక టాబ్లెట్ తీసుకుని సెంటరుకు పోయాను. ఆమె సామాన్లలో ఎవరికైనా ఇవ్వాల్సింది అదొక్కటే అనిపించింది. సిస్టర్ నన్ను చూసి "జరసేపే" అని మొదటిసారి లోపలికి పంపింది. చిన్నమ్మ కుర్చీలో ఒక పెద్దమనిషి దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. మామ నన్ను చూసి ఏడ్చాడు. ఎడమచేత్తో కళ్లు తుడుచుకుని, అదే చేత్తో నా తల నిమిరాడు.

"ఇది నీకే మామా" అన్నాను.

"నేనేం జేసుకుంటనే బిడ్డా. నాకు దుంకుడే వచ్చు."

అయినా స్టూలు మీద పెట్టమన్నాడు. తెరిచాను. పిల్లా గాడిదా వాగు ఒడ్డున వాళ్లు వదిలిన చోటే ఉన్నారు. అవతల కోట. నేను ఎన్నడూ ఆడలేదు. ఎడమపక్క వేలు పెట్టాను. పిల్ల ఉరికింది, మామ నొక్కాడు, నీళ్లలో పడ్డాం.

"మీ చిన్నమ్మ దుంకేకాడ 'ఊఁ' అంటుండె" అన్నాడు మామ. "నువ్వు అనలె."

"ఈసారి అంట మామా" అన్నాను.

అనేలోపు ఫోను మోగింది. మన్నెగూడలో ప్లాటు కొనే పార్టీ వచ్చి కూర్చున్నారట, అడ్వాన్సు పట్టుకుని. సిస్టర్ కూడా చాలు రమ్మని చెయ్యి ఊపింది. వేలు తీశాను. "పో బిడ్డా, పని చూసుకో" అన్నాడు మామ. మళ్లీ వస్తానన్నాను.

గాజుతలుపు బయటికి వచ్చి వెనక్కి తిరిగి చూశాను. మామ కుడిచెయ్యి మిషన్‌కు కట్టేసి ఉంది. ఎడమ బొటనవేలితో తెర మీద నొక్కుతున్నాడు. పిల్ల ఎగురుతోంది, ఉన్నచోటే దిగుతోంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎగిరింది, ఉన్నచోటే దిగింది.