సంభావ్యతను ఛాయిస్‌లో వదిలేయబోయిన సంగీత

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ కింద సంగీత చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేస్తుంది. పెళ్లితో ఆగిపోయిన ఇంటర్ ఆమెకు పంటి సందున ఇరుక్కున్న పీచులాంటిది. ఓపెన్ ఇంటర్‌లో మిగతావన్నీ గట్టెక్కాయి, లెక్కల్లో మాత్రం రెండుసార్లు తప్పింది. పాసైతే డిగ్రీలో చేరాలి.

"గీసారి సుత పోతే పుస్తకాలన్నీ పాతపేపరోనికే. ఇగ నాకు గీ మిషనే డిగ్రీ" అని సందంతా వినేలా ఒట్టేసింది.

కలనగణితం మొదలెట్టాక ఆమెకు జాకెట్ మెడ కనిపిస్తే చాలు, అక్కడ స్పర్శరేఖ గీసి వాలు కనుక్కునేది. ఆమె సమాకలనం చేసే జోరుకి మిషన్ బల్ల మీది చల్లారిన టీ మళ్లీ మరిగేది. పైన మెట్రో రైలు కాసేపు ఆగి చూసి వెళ్లేది. మా మనవరాలు నమ్మదు కానీ, మీరు నమ్మొచ్చు.

ఇక మిగిలింది సంభావ్యత. ఆమె భర్త మహేశ్ పంజగుట్టలో ఏసీలు బాగుచేస్తాడు. అన్ని ప్రశ్నలూ రాయనక్కర్లేదు కాబట్టి, భయపెట్టే పాఠాన్ని అసలు తెరవకుండానే పరీక్షకు వెళ్లే జాతి అతనిది.

"సంభావ్యత ఛాయిస్‌ల ఇడ్సిపెట్టు, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

"ఇడ్సిపెడితే పాసైతనని ఏం గ్యారంటీ?"

"నేను గాలేదా?"

"నువ్వైనవ్ గనకనే భయమైతుంది."

మర్నాడు నన్ను ఆపింది. "తాతా, గా పాఠం ఇడ్సిపెడితే పాసయ్యే ఛాన్స్ ఎంతుందో లెక్క తియ్యొచ్చా?"

"తియ్యొచ్చమ్మా. ఆ పాఠంలోనే మొదటి కొన్ని పేజీలు చూస్తే సరి" అన్నాను, మొహం నిండా అమాయకత్వం పులుముకుని. చిన్నప్పుడు కాన్వెంట్లో సిస్టర్ల ముందు అలవాటైన మొహం అది.

కొన్ని పేజీలు చాల్లేదు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుంది. పోయినేడు వచ్చిన ప్రశ్న ఈ ఏడు మళ్లీ వస్తుందా అన్న దగ్గర చిక్కుకుని ఇంకో పాఠాంశం చదివింది. అక్కణ్ణుంచి బేయ్స్ సిద్ధాంతం దాకా పోయింది. వారం తిరిగేసరికి భర్తను పిలిచి నా ముందే కూర్చోబెట్టింది.

"ఇడ్సిపెట్టొచ్చు. లెక్క తేలింది."

"నేను జెప్పలే?"

"గానీ, లెక్క తీసుడుల పాఠం మొత్తం వచ్చేసింది! ఇప్పుడెట్ల ఇడ్సిపెట్టాలె?"

మహేశ్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

పంజగుట్టలోని పరీక్ష హాల్లో ఆమె నమ్ముకున్న పెద్ద సమాకలనం సగంలో మొండికేసింది. ఎటు తిప్పినా మొదటికే వచ్చింది. పాతపేపరతని తక్కెడ కళ్లముందు ఊగిందట. మొత్తం అడ్డంగా కొట్టేసి, తర్వాతి ప్రశ్న చూసింది. రెండు సంచులు, ఎర్ర బంతులు, నల్ల బంతులు. బయటికి పరుగెత్తుకొస్తూనే, గేటు దగ్గర ఎదురుచూస్తున్న నాతో, "తాతా, సంచుల లెక్కొచ్చింది! బంతులు పేపర్ మీదికెళ్లి దుంకినయ్!" అంది.

ఫలితాల రోజు సైటు ఎంతకీ తెరుచుకోలేదు. మహేశ్ ఫోన్ నొక్కుతూనే ఉన్నాడు, సంగీత అటే చూస్తూ కుడుతూనే ఉంది. "పాసైనవ్!" అని అతను అరిచాడు. ఆమె పెట్టిన కేకకు బేగంపేట పాత ఎయిర్‌పోర్టులో మళ్లీ విమానాలు దిగుతున్నాయనుకున్నారు జనం.

మర్నాడు పొద్దున్నే పై అంతస్తు ఛాయాదేవిగారు పట్టుచీర పట్టుకుని దిగారు.

"ఏంటి సంగీతా ఇది? కుచ్చిళ్ల దగ్గర ఉండాల్సిన ఫాల్ పైటకొంగుకి కుట్టావేంటి?"

"పాసైన ఆంటీ!"

"దేంట్లో? కుట్లలోనా?"

"లెక్కలల్ల!"

మిగతా తిట్టు కోసం ఛాయాదేవిగారు నోరు తెరిచారు. సంగీత అందులో లడ్డూ పెట్టేసింది. ఆవిడ నములుతూనే కోపం తెచ్చుకోవాలని చూశారు కానీ, లడ్డూ పెద్దది.

"డిగ్రీలో కూడా ఈ లెక్కలే తీసుకుంటావా ఏంటి?"

"మరింకేం తీస్కుంట ఆంటీ?" అంటూ సంగీత, ఒళ్లో చీర పరుచుకుని, నవ్వుతూ కుట్లు విప్పసాగింది.