సువర్ణక్క గదిలో రెండు కుర్చీలు

సువర్ణక్క ఇక లేరన్న దుర్వార్త పొద్దున్నే ఫోనులో వచ్చింది. పంజాగుట్టలోని నా గదిలో, తల్లిదండ్రుల తరగతికి పాఠం సిద్ధం చేసుకుంటున్నాను. అది వినగానే వచ్చిన మొదటి ఆలోచన చెబితే పాఠకులు క్షమించరేమో: ఇక ఈమెను మించడం ఎన్నటికీ నా వల్ల కాదు. బతికున్న మనిషితో పోటీ పడవచ్చు, దివంగతులతో ఎలా పడతాం?

సిరిసిల్ల నేత కుటుంబంలో జన్మించి, జూనియర్ కాలేజీలో గణితం బోధించి, చివరికి అమీర్‌పేటలో టీనేజీ పిల్లలకూ వారి కన్నవారికీ లైఫ్ కోచ్‌గా స్థిరపడిన విదుషీమణి ఆమె. కోచ్ అన్న పేరు ఆమెకు నచ్చేది కాదు. "కోచ్ ఏందే, నేనేమన్న కబడ్డీ ఆడిస్తున్ననా?" అనేవారు. నాదీ అదే వృత్తి. నా గోడ నిండా సర్టిఫికెట్లున్నాయి. ఆమె గోడకు ఒక క్యాలెండర్ మాత్రం వేలాడేది. అయినా పిల్లలు అక్కడికే పోయేవారు.

మైత్రీవనం దగ్గర, మెట్రో పట్టాలు కనిపించే ఆ గదిలో కుర్చీలు ఎదురెదురుగా ఉండవు. పక్కపక్కనే, రెండూ కిటికీ వైపు తిరిగి ఉంటాయి. ఒకదానిలో తల్లో తండ్రో, ఇంకొకదానిలో బిడ్డ. ఆమె వెనక స్టూలు మీద. "ఎదురుంగ కూసుంటె పంచాయితి అయితది, పక్కకు కూసుంటె ముచ్చట అయితది" అన్నది ఆమె సూక్తి.

ఒకసారి ఆమెను చూడ్డానికి వెళ్ళి నేనక్కడ ఉండగానే, బల్కంపేట నుంచి ఒక టైలర్ తన కొడుకును తీసుకొచ్చాడు. "వీనికి జర గట్టిగ చెప్పున్రి మేడం, ఫోన్ ఇడుస్తలేడు."

"చెప్త గని, ముందుగాల నువ్వు కూసో అన్నా."

తండ్రీకొడుకులు చాలాసేపు వచ్చేపోయే రైళ్ళు చూశారు. రైలు వైపే చూస్తూ కుర్రాడన్నాడు: "బాపూ, నాకు ఫిజిక్స్ సమజైతలేదు. మస్తు భయమైతుంది." తండ్రి కూడా అటే చూస్తూ, "మరి నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు. అతని గొంతు మెత్తబడింది. అక్క ఒక్క మాటా మాట్లాడలేదు. నేను ఎంత ఉపన్యసించినా రాని ఫలితం అది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మర్నాడే నా గదిలోనూ కుర్చీలు కిటికీ వైపు తిప్పాను. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టయింది. నా కిటికీకి ఎదురుగా ఒక కాలేజీ వాళ్ళ ర్యాంకుల హోర్డింగ్ ఉంది. వచ్చిన తల్లి దాన్ని చూడగానే, "చూడు, వాళ్ళూ నీ ఈడు పిల్లలే!" అని అందుకుంది. కూతురు లేచి వెళ్ళిపోయింది. ఈ సంగతి విని అక్క కడుపుబ్బ నవ్వి, "పర్ద ఏసుకోరాదే పిల్లా" అన్నారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇదంతా సహించవచ్చు. నా కూతురు నిత్య ఇంటర్ రెండో ఏడాదిలో నాతో మాటలు మానేసింది. ఊళ్ళో తల్లులందరికీ పిల్లలతో ఎలా మాట్లాడాలో నేర్పే నాతో! అది నాకు చెప్పకుండా అక్క దగ్గరికి పోతోందని తెలిసి అమీర్‌పేట పరుగెత్తాను.

"ఏం చెప్పిందో చెప్పండక్కా. నేను దాని తల్లిని."

"అందుకే చెప్ప. ఆ ముచ్చట పిల్ల సొత్తు, శైలజా. నేను ఉట్టి కాపలాదాన్ని."

"అంటే ఏంటి, దానికి నా కన్నా మీరెక్కువా?"

"ఎక్కువైతె నా దగ్గర్నే ఉంటుండె గద! పొద్దుగూకంగనే నీ ఇంటికే వస్తున్నది సూడు."

నిజమే, వచ్చేది. రానురాను నాతో నాలుగు మాటలూ మాట్లాడేది. ఆ మాటలు కూడా ఆమె చలవేనని తెలిసి, నా సంతోషం చేదెక్కింది.

పంజాగుట్ట శ్మశానవాటికలో నిత్య వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను: "నేను పోయినా ఇంతలా ఏడుస్తావా?"

"నీ మీద గుస్సా వస్తే ఆంటీ దగ్గరికి పోయి మొత్తం కక్కేసి, మళ్ళీ ఇంటికొచ్చేదాన్ని మమ్మీ. ఇప్పుడు గుస్సా వస్తే ఎక్కడికి పోవాలె?"

నా దగ్గరికి రా అందామనుకున్నాను. కానీ ఆ గుస్సా నా మీదే కదా.

ఈ మహానగరంలో మాలాంటి కోచ్‌లకు కొదవలేదు. నా బిడ్డను నా ఇంటికి తిరిగి పంపిన మనిషి మాత్రం ఒక్కరే, ఆ స్థానం ఎవరూ పూరించలేనిది. అక్కా, మీ మీద నా కుళ్ళు ఇంకా చావలేదు, దానితోనే మీకు చేతులు జోడిస్తున్నాను. నిత్యకు మళ్ళీ నా మీద కోపం వచ్చే రోజు తప్పక వస్తుంది. ఆ రోజును తలచుకుంటేనే నాకు భయంగా ఉంది.